ఇసుక పలక నుండి పూసల పెట్టె దాకా: చేతులతో నేర్చిన లెక్కల చరిత్ర

పిల్లల చేతికి గింజలు, పుల్లలు, పూసలు ఇచ్చి లెక్కలు నేర్పాలనే మాట ఈమధ్య ప్రతి ఉపాధ్యాయ శిక్షణ తరగతిలోను వినబడుతున్నది. ఇదేదో నిన్న మొన్న పైనుండి దిగివచ్చిన కొత్త పద్ధతి అని మనలో చాలామంది అభిప్రాయం. కాని దీనికి మూడు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో సంఘ సేవకులకు భాగమున్నది, మన పాత వీధిబడికి కూడ భాగమున్నది. మన డయోసిస్ నూరేళ్ల కథలో గుడులు కట్టిన వారిని గురించి, సువార్త మోసిన వారిని గురించి వ్రాయగల పెద్దలు ఉన్నారు. నేను బడిలో పిల్లవాడి ముందు పరచిన వస్తువులను గురించి నాలుగు మాటలు వ్రాయదలచాను.

ఇది చిన్న విషయమని అనిపించవచ్చు. కాని మన తాతల కాలంలో ఇది కూటికి సంబంధించిన విషయం. మన తెలుగు సంఘాల్లో అధిక భాగం కూలి చేసుకొని బ్రతికిన కుటుంబాల నుండి వచ్చినవే. ఆ రోజుల్లో కూలి ముట్టేది డబ్బుల్లో కాదు, గింజల్లో. కల్లంలో రాశి దగ్గర కొలిచేవాడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, రెండు, మూడు అని గడగడ చదువుకుంటూ పోయేవాడు. కొలిచే చెయ్యి ఒకరిది, మోసే తల ఇంకొకరిది. సాహుకారు పుస్తకంలో అప్పుకు వడ్డీ, వడ్డీకి వడ్డీ ఎంత పెరిగినదో చదువుకోగలిగిన వారు పల్లెలో లేరు. లెక్క తెలియకపోతే ఇంటికి వచ్చే గింజలే తగ్గిపోయేవి.

అయితే ఆ పల్లె పిల్లలకు లెక్క బొత్తిగా తెలియదని అనుకోవడం కూడ పొరపాటే. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. ప్రాంతాన్నిబట్టి కొలత కొంత హెచ్చు తగ్గులుగా ఉండేది గాని, ఒకదానిలో సగం ఇంకొకటిగా దిగివచ్చే ఈ వరుస మాత్రం ఇంటింటా ఉండేది. సగము, పాతిక, అందులో సగము అనే భిన్నాలను పలక మీద చూడకముందే ఆ పిల్ల తవ్వతోను సోలతోను గింజలు పోసి తీసి ఎరుగును. వామనగుంటల ఆటలో చింతగింజలు పంచి పంచి, ఏ గుంటలో ఎన్ని పడతాయో ముందుగానే ఊహించడం ఎరుగును. దానిని గణితమని ఎవరూ అనలేదు, అంతే.

వస్తువుతో బోధించాలని శాస్త్రంగా చెప్పిన తొలి పెద్దల్లో ఒకరు బిషప్పే కావడం మనకు సంతోషకరమైన విషయం. మొరేవియా దేశస్థుడైన జాన్ ఆమోస్ కొమీనియస్ (1592–1670) బ్రదరన్ ఐక్య సంఘానికి చివరి బిషప్పు. మతయుద్ధాల వలన స్వదేశం విడిచి ఊరూరా తిరిగిన మనిషి. ఏ విషయమైనా ముందు ఇంద్రియాలకు అందాలి, తరువాతనే మాటలకు అందాలి అని ఆయన వాదించారు. 1658లో ఆయన ప్రచురించిన బొమ్మల పాఠ్యపుస్తకం యూరపు అంతటా పిల్లల చేతుల్లో నలిగినది. ఆయన చూపినది బొమ్మల వరకే. బొమ్మ స్థానంలో వస్తువు రావడానికి ఇంకొక నూటముప్పై ఏళ్లు పట్టినది, ఆ వస్తువు యూరపులో గాక మన చెన్నపట్నంలో కనబడినది.

రెవరెండ్ ఆండ్రూ బెల్ గారు స్కాట్లండు దేశస్థులు, ఆంగ్లికన్ గురువులు. 1787లో చెన్నపట్నం వచ్చి, 1789లో ఎగ్మూరులోని మగపిల్లల అనాథశాలకు పర్యవేక్షకులైనారు. అందులో ఉన్నవారు చాలావరకు సైనికుల పిల్లలు. జీతగాళ్లయిన ఉపాధ్యాయులకు చదువు చెప్పడంలో శ్రద్ధ లేదు, అక్షరాలు నేర్వడానికే నెలలు గడిచిపోతున్నవి. ఒకనాడు ఉదయం ఆయన స్వారి పోతూ ఒక నాటు బడి ముందు ఆగి చూచారు. పిల్లలు నేల మీద ఇసుక పరచుకొని చూపుడు వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. మన ఓనమాల బడే అది. ఆయన వెంటనే తన బడికి తిరిగి వచ్చి క్రింది తరగతి వారితో అలాగే చేయించమన్నారు. అది జరిగే పని కాదని ఉపాధ్యాయులు మొరాయించారు. అప్పుడు ఆయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రవానికి ఆ తరగతిని అప్పగించారు. ఒక సామాన్య సిపాయి కొడుకు ఆ పిల్లవాడు. పెద్దలు కాదన్న పని ఆ చిన్నవాడు చేసి చూపించాడు.

బెల్ గారు 1796లో స్వదేశం వెళ్లి, 1797లో తమ అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేశారు. 1811లో ఇంగ్లండు సంఘం వారు బీదపిల్లల విద్య కోసం నేషనల్ సొసైటీని స్థాపించినప్పుడు ఆ బడులకు ఆయన పద్ధతినే ఆధారం చేసుకొన్నారు. దానికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరు. ఇంగ్లండులో వేలాది బీదపిల్లలు పల్లెంలో పోసిన ఇసుక మీద వేలితో అక్షరాలు, అంకెలు దిద్దుకొన్నారు. మన వీధిబడి గురువుకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

ఇది గర్వంగా చెప్పుకొనే కథే, సందేహం లేదు. కాని కొంచెం ఆగి చూడవలసిన సంగతి ఒకటున్నది. సముద్రం దాటి పోయినది ఏమిటి? ఒకే గురువు క్రింద వందలమంది పిల్లలను పెట్టి, పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించి, కాగితం ఖర్చు లేకుండా చదువు నడిపించవచ్చు అనే పొదుపు సూత్రం పోయినది. ఆజ్ఞ కాగానే అందరూ ఒక్కమారు వ్రాయడం, ఆజ్ఞ కాగానే అందరూ ఒక్కమారు ఇసుక చదును చేయడం అక్కడి పద్ధతి అయినది. మరి లెక్కల మాట? ఇసుకలో 7 అని దిద్దిన వేలికి ఆ అంకె ఆకారం తెలుస్తుంది గాని ఏడు గింజలు ఎంతో తెలియదు. ఇసుక పలక అంకెను నేర్పింది, సంఖ్యను నేర్పలేదు. ఈ భేదం మనసులో పెట్టుకొంటే మిగిలిన చరిత్ర సులువుగా అర్థమవుతుంది.

మన వైపు బడుల పరిస్థితి ఎలా ఉండేదో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో ప్రభుత్వానికి పంపిన నివేదిక చెబుతున్నది. తెలుగు వ్యాకరణం వ్రాసిన దొర ఆయన, కాబట్టి తెలిసి వ్రాసిన మాటలే. ఆ జిల్లాలో అప్పుడు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బడుల్లో తెలుగువి 226. పిల్లలు మొదట ఇసుకలో వేలితో వ్రాసి, అక్షరాలు వచ్చిన తరువాత గంటంతో తాటాకు మీద వ్రాసేవారని, ఈ పొదుపును, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే విధానాన్ని ఇంగ్లండు వారు అనుకరించడం సమంజసమేనని ఆయన మెచ్చుకొన్నారు. ఆ మెప్పుతోపాటే, అర్థం తెలియని పద్యాలు వల్లించడం తప్ప వేరేమీ లేదని నొచ్చుకొన్నారు కూడ. లెక్కల్లోనూ అంతే, గొంతెత్తి ఎక్కాలు చదవడమే ముఖ్యం. మా తరం వారు ఎక్కాలను చులకన చేయరు. పదహారో ఎక్కం, పాతిక ఎక్కం, ముప్పాతిక ఎక్కం నోటికి వచ్చినవాడు సంతలో మోసపోయేవాడు కాదు. కాని ఆ బడి అరుగు ఎక్కడానికి మాల మాదిగ పిల్లలకు అనుమతి లేదు. సంఖ్య వారి చేతిలో ఉన్నది, అంకె అరుగు మీద ఉన్నది. ఈ రెండింటిని కలపవలసిన పని తరువాత మిషను బడుల మీద పడినది.

యూరపులో సంఖ్యను చేతికి అందించిన ఘనత స్విట్జర్లండుకు చెందిన పెస్టలోజీ (1746–1827) గారిది. యుద్ధంలో తలిదండ్రులను కోల్పోయిన పిల్లలను 1798లో స్టాన్స్ పట్టణంలో చేరదీసి, తరువాత ఇవెర్దాఁ కోటలో 1805 నుండి ఇరవై ఏళ్లు బడి నడిపారు. గులకరాళ్లు, బఠాణీలు పిల్లల ముందు పెట్టి, ఇన్ని ఇన్నిటితో కలిస్తే ఎన్ని అని వారిచేతనే చెప్పించి, అది మనసులో నిలిచిన తరువాతనే అంకె వ్రాయించేవారు. ఆ బడి చూడడానికి దేశదేశాల నుండి మనుష్యులు వచ్చారు. వారిలో చార్లెస్ మేయో అనే ఆంగ్లికన్ గురువు మూడేళ్లు అక్కడ ఉండి ఇంగ్లండు తిరిగి వచ్చారు. ఆయన సోదరి ఎలిజబెత్ మేయో 1830లో ‘వస్తు పాఠాల’ పుస్తకం వ్రాశారు. శిక్షణ పాఠశాలల ద్వారా ఈ వస్తు పాఠాలు మన దేశం కూడ చేరినవి.

ఇక్కడనే మొదటి దెబ్బ తగిలినది. వస్తువు ఉపాధ్యాయుని బల్ల మీదనే ఉండిపోయినది. ఆయన దానిని ఎత్తి చూపిస్తాడు, దాని గుణాలు వరుసగా చెబుతాడు, పిల్లలు వాటిని కంఠస్థం చేస్తారు. కంఠస్థం వద్దని పుట్టిన పద్ధతి చివరికి అదే పనికి దిగినది. దానికి తోడు 19వ శతాబ్దం రెండవ భాగంలో మద్రాసు రాజధానిలో పరీక్షా ఫలితాన్నిబట్టి గ్రాంటు ఇచ్చే ఏర్పాటు వచ్చినది. ఇన్‌స్పెక్టరు దొర వచ్చిన రోజున ఎంతమంది పిల్లలు చదివి, వ్రాసి, లెక్క చేసి చూపిస్తే అంత డబ్బు. మిషను బడి అయ్యగారి జీతం దాని మీద ఆధారపడి ఉండేది. గింజలతో ఆడిస్తూ నెమ్మదిగా అర్థం చేయించడానికి ఆయనకు తీరిక ఎక్కడిది? ఆయనను తప్పు పట్టలేము.

మరొక మార్గం జర్మనీ నుండి వచ్చినది. లూథరన్ పాస్టరు గారి కుమారుడైన ఫ్రెడరిక్ ఫ్రోబెల్, పెస్టలోజీ వద్ద రెండేళ్లు గడిపి, 1837లో బ్లాంకెన్‌బుర్గులో చిన్నపిల్లల కోసం ఒక శాల తెరిచారు. అదే తరువాత కిండర్‌గార్టెన్ అయినది. ఆయన పిల్లలకిచ్చిన వస్తువులకు ‘కానుకలు’ అని పేరు. వాటిలో మూడవది ఒక చెక్క ఘనం. అది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోతుంది. దానిని రెండుగా చీల్చి, నాలుగుగా చీల్చి, ఎనిమిదిగా చీల్చి, తిరిగి ఒకటిగా కూర్చుతారు. మన కుంచంలో రెండు అడ్డలు, నాలుగు మానికలు, ఎనిమిది తవ్వలు. ఫ్రోబెల్ గారి పెట్టెలో ఉన్నది, మన వంటింటి మూలలో ఉన్నది ఒకే లెక్క. ఇంగ్లండు శిశు పాఠశాలల్లో శామ్యూల్ విల్డర్‌స్పిన్ గారు తీగెల మీద జరిపే పూసల చట్రాన్ని 1820ల నుండి ప్రచారంలోకి తెచ్చారు. ఆ చట్రాలు మన బడులకు కూడ వచ్చినవి. పెద్ద బడుల శిశు తరగతుల్లో గోడకు నిలబెట్టిన ఆ రంగు పూసలు మన సంఘస్థుల్లో వృద్ధులైన కొందరికైనా జ్ఞాపకముండవచ్చు.

పల్లె మిషను బడికి అవేవీ లేవు. ఒకే గది, అదే ఆదివారం ఆరాధన స్థలం. ఒకే మనిషి, ఆయనే ఉపాధ్యాయుడు, ఆయనే ఉపదేశకుడు. పగలు పశువుల వెంట పోయే పిల్లల కోసం రాత్రి దీపం వెలుగులో బడి. 1919–20లో ఏ.జి. ఫ్రేజర్ గారి అధ్యక్షతన మిషను సంఘాల తరపున వచ్చిన కమిషను భారతదేశపు పల్లె విద్యను పరిశీలించి, చదువు పల్లె బ్రతుకుతో సంబంధం లేకుండా ఉన్నదని, అందుకే పిల్లలు మధ్యలో మానివేస్తున్నారని నిష్కర్షగా వ్రాసినది. దానికి విరుగుడుగా ఆ నివేదిక చూపినది పంజాబులోని మోగా శిక్షణ పాఠశాలను. అక్కడ విలియం మెక్కీ గారు పిల్లలచేత చిన్న ఇల్లు కట్టించి, తోట వేయించి, అంగడి నడిపించి, వాటిలోనుండే కొలతలు, తూకాలు, బేరాలు లెక్కలుగా నేర్పించారు. ఇటుకలు ఎన్ని కావాలి, సాళ్ల మధ్య ఎంత దూరం ఉండాలి, అమ్మగా మిగిలినదెంత అనే ప్రశ్నలకు జవాబు తప్పితే గోడ వంకర పోతుంది, అంగడి నష్టపోతుంది. మార్కులు వేయవలసిన అవసరమే లేదు. మోగా పేరు ఆ కాలపు మిషను శిక్షణ పాఠశాలలన్నింటికి తెలిసినదే. నా దృష్టిలో మన దేశంలో మిషను విద్య చేసిన మంచి పనుల్లో ఇది ముందు వరుసలోనిది. దీనిని గురించి మన సంచికల్లో వ్రాసినవారు తక్కువ.

ఇక మరియా మాంటిస్సోరి గారి సంగతి. ఇటలీలో వైద్యవిద్య చదివిన ఆమె 1907 జనవరి 6న, ప్రత్యక్షతా పండుగనాడు, రోమునగరంలో శాన్ లొరెంజో అనే బీదపేటలో తమ మొదటి శిశుశాల తెరిచారు. కూలి పనికి పోయిన తలిదండ్రుల పిల్లల కోసం తెరిచిన స్థలం అది. మందబుద్ధి గల పిల్లల కోసం ఫ్రెంచి వైద్యుడు సెగాఁ తయారు చేసిన వస్తువులను ఆమె అంతకుముందే వాడి చూచారు. వాటిని పెంచి లెక్కల కోసం ప్రత్యేకమైన సామగ్రిని సిద్ధం చేశారు. పది సెంటీమీటర్ల నుండి ఒక మీటరు వరకు ఎరుపు నీలం రంగుల కొయ్య బద్దలు పది. వాటిని మోసుకొని పోయేటప్పుడే పదికి ఒకటికి గల తేడా చేతులకు తెలుస్తుంది. గరుకు కాగితంతో అంటించిన అంకెలు. పిల్ల వేలితో తడుముతుంది. 0 నుండి 9 వరకు గళ్లున్న పెట్టె, అందులో వేయడానికి సరిగా 45 కదుళ్లు. అన్నీ వేసిన తరువాత సున్న గది ఖాళీగానే ఉంటుంది. సున్న అంటే ఏమిటో ఇంతకంటే చక్కగా చెప్పిన ఉపాయం నేనెరుగను. తరువాత బంగారు రంగు పూసలు: విడిపూస ఒకటి, పది పూసల కడ్డీ, అటువంటి పది కడ్డీల చదరం నూరు, పది చదరాల ఘనం వెయ్యి. వెయ్యి అంటే నోటితో అనే మాట కాదు, రెండు చేతులతో ఎత్తవలసిన బరువు.

ఆమె 1939 నవంబరులో కుమారుడు మారియోతో చెన్నపట్నం వచ్చారు. దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానంపై అడయారులో శిక్షణ తరగతి నడిపారు. ఆమె మాత్రం కథోలిక కుటుంబంలో పుట్టి పెరిగినవారు. భారత, బర్మా, సింహళ దేశాల నుండి దాదాపు 300 మంది చేరారు. 1940 జూనులో ఇటలీ యుద్ధంలో దిగడంతో, శత్రుదేశస్థులని మారియోను నిర్బంధించారు, ఆమె కదలికలపై ఆంక్షలు పెట్టారు. ఆగస్టు 31న ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజుకు కుమారుని విడిచిపెట్టారు. కొద్ది నెలల కోసం వచ్చిన ఆమె 1946 వరకు ఇక్కడనే ఉండిపోయారు. కొడైకెనాల్‌లో ఉన్న కాలంలో పెద్ద పిల్లల కోసం కూడ పని సాగించారు. బెల్ గారు ఎగ్మూరు బడికి వచ్చిన నూటయాభై ఏళ్లకు, వేలితో అంకె దిద్దే విద్య వేరొక రూపంలో మళ్లీ అదే పట్నానికి వచ్చినదన్నమాట.

అంతకు ముందే, 1931 అక్టోబరులో లండనులో ఆమె శిక్షణ శాలను గాంధీగారు దర్శించి, ఇటువంటి విద్య ధనికుల పిల్లలకే గాక నిరుపేదల పిల్లలకు కూడ అందాలని ఆశపడ్డారు. 1937లో వార్ధా పథకంలో తకిలి, ప్రత్తి, తోటపని ద్వారా లెక్కలు నేర్పాలని ప్రతిపాదించినది ఆ దృష్టితోనే. కాని జరిగినది వేరు. కూలివారి పేటలో పుట్టిన మాంటిస్సోరి పేరు మన దేశంలో క్రమంగా ఫీజు కట్టగలవారి బడులకు అంటుకొన్నది. పూస ఒక్కటి కూడ లేకుండా బోర్డు మీద పేరు మాత్రం ఉన్న బడులు మన పట్టణాల్లో ఎన్నో. బంగారు పూసల పెట్టె కొనగల శక్తి పల్లె బడికి ఎన్నడూ లేదు. 1952లో బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్విజెనేర్ రంగు రంగుల కొయ్య ముక్కలతో మరొక పెట్టె ప్రపంచానికి ఇచ్చారు. అది మన దాకా వచ్చినది కూడ అంతంతమాత్రమే.

మధ్యలో ఒక మాట. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. తరువాత నాలుగైదేళ్లలో కిలోలు, లీటర్లు, మీటర్లు వచ్చినవి. బేడ, పావలా, వీశె, శేరు అన్నీ పోయి అంతా పదుల్లోకి మారినది. లెక్కలు సులువైనాయని అందరూ సంతోషించారు, న్యాయమే. అయితే సోల, తవ్వ, మానిక ఇంటినుండి వెళ్లిపోవడంతో పిల్లలకు సగము, పాతిక చేతికి తగిలే అవకాశం కూడ పోయినది. భిన్నాలంటే ఈనాటి పిల్లలు భయపడడానికి ఇది కూడ ఒక కారణమని నా నమ్మకం.

ప్రభుత్వం పక్షాన జరిగిన ప్రయత్నాలు తక్కువేమీ కాదు. 1980లలో బ్రిటిషు సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదట కొన్ని వందల బడుల్లో, తరువాత రాష్ట్రమంతటా నడిచినది. కృత్యాల ద్వారా బోధన, స్థానిక పరిసరాల్లో దొరికే వస్తువుల వాడకం, పిల్లలు జట్లుగా పనిచేయడం దాని ముఖ్య సూత్రాలు. ఉపాధ్యాయులు కేంద్రాల్లో కలిసి తాము తయారు చేసిన వస్తువులు ఒకరికొకరు చూపించుకొనేవారు. 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ క్రింద దేశమంతటా ప్రాథమిక పాఠశాలలకు గణితం పెట్టెలు పంపారు. 2023లో చిన్న తరగతుల కోసం ‘జాదూయీ పిటారా’ అని మరొక పెట్టె విడుదలైనది. పెట్టె రావడం కష్టం కాదు. అది బీరువాలో నుండి బయటికి రావడమే కష్టం. స్టాకు రిజిస్టరులో ఎక్కిన వస్తువు పోతే జవాబు చెప్పవలసినది ఉపాధ్యాయుడే. పిల్లలు ముట్టితే పాడవుతుందని భయం. అందుచేత తాళం. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున తీసి బల్ల మీద పరచడం. వస్తు పాఠాల కాలం నుండి మనకు తెలిసిన కథే.

బయటికి తీసినంత మాత్రాన పని జరుగుతుందా అంటే, అదీ లేదు. అమెరికాలో డెబొరా బాల్ అనే గణిత విద్యావేత్త 1992లోనే, వస్తువు పట్టుకొన్నంతనే అర్థం దానంతట అదే పుట్టదని హెచ్చరించారు. 2013లో అక్కడి పరిశోధకులు 55 అధ్యయనాలను కలిపి చూచి, అంకెలతో మాత్రమే చెప్పినదానికంటే వస్తువులతో చెప్పినది మేలని, అయితే ఆ మేలు ఎంత అన్నది బోధించే తీరును, ఇతర పరిస్థితులను బట్టి మారుతుందని తేల్చారు. ఇది మన బడుల్లో అనుభవమున్న వారికి చెప్పనక్కరలేదు.

ఒక ఉదాహరణ చూడండి. 52 లోనుండి 27 తీసివేయాలి. పలక మీద మనం ఎలా చెబుతాము? రెండులో ఏడు పోదు, ప్రక్క ఐదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో, రెండు పన్నెండవుతుంది అంటాము. పిల్లవాడు అలాగే చేస్తాడు. ఒకటి తెస్తే రెండు మూడు కావాలి గాని పన్నెండు ఎలా అయినదని అడిగే పిల్లవాడిని కోప్పడతాము. ఆ అప్పు ఎప్పుడు తీర్చాలని అడిగితే ఇంకా కోప్పడతాము. (తిరిగి ఇవ్వనక్కరలేని అప్పు లెక్కల తరగతిలో తప్ప మన పల్లెల్లో ఎక్కడా లేదు.) అదే చీపురు పుల్లలతో చేయించండి. పదేసి పుల్లలు దారంతో కట్టిన కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు. ప్రక్క పిల్లకు ఇరవై ఏడు ఇమ్మనండి. రెండు కట్టలు వెంటనే ఇస్తాడు. ఏడు విడి పుల్లలు ఇవ్వబోతే రెండే ఉన్నవి. కొంతసేపు చూస్తాడు. ఇక్కడ ఉపాధ్యాయుడు నోరు మూసుకొని ఉండాలి. ఇదే అన్నిటికంటె కష్టమైన పని. తరువాత వాడే ఒక కట్ట విప్పుతాడు. పది రెండు పన్నెండు. ఏడు ఇచ్చి ఐదు ఉంచుకొంటాడు. రెండు కట్టలు, ఐదు పుల్లలు: ఇరవై ఐదు. ఇప్పుడు పలక మీద వ్రాయమంటే, కొట్టివేసిన ఐదు ఏమిటో, పైన వేసిన నాలుగు ఏమిటో వాడికి తెలుసు. కట్టను ఉపాధ్యాయుడే విప్పి చూపిస్తే మాత్రం వాడికి మిగిలేది చూచిన తమాషా ఒక్కటే.

దీనికి బంగారు పూసలు అక్కరలేదని చూపించిన వారు మన ప్రక్కనే ఉన్నారు. చెన్నైలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన పి.కె. శ్రీనివాసన్ (1924–2005) గారు మడిచిన కాగితాలు, గీసిన గళ్లు వంటి చవక సామగ్రితో గణితం నేర్పి, పిల్లలచేతనే గణిత ప్రదర్శనలు పెట్టించారు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ వారు చుట్టుప్రక్కల పల్లెల్లో ఒకే ఉపాధ్యాయుడున్న చిన్న బడుల కోసం తెలుగులో కార్డులు, ఆటలు, గింజలు, పుల్లలతో ఒక బోధన సామగ్రిని రూపొందించారు. ప్రతి పిల్ల తన మెట్టు తాను చూచుకొని, కావలసిన కార్డు తానే తీసుకొంటుంది. తాళం వేయడానికి వీలులేని ఏర్పాటు అది, ఎందుకంటే ఆ వస్తువులు లేకపోతే ఆనాటి పాఠమే లేదు. ఈ పద్ధతిని 1995లో మైసూరు జిల్లాలో ‘నలి–కలి’ అనే పేరుతో కన్నడంలోకి తీసుకొన్నారు. 2003 నుండి చెన్నై కార్పొరేషను బడులు తీసుకొన్నవి. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పడం, ఒకే ఉపాధ్యాయుడు అనేక తరగతులు నడపడం అనే పాత వీధిబడి గుణాలు తెలుగు పల్లె నుండి మరల చెన్నపట్నం చేరినవి. ఈసారి పిల్లలు ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా తమ పని తాము చేసుకొంటున్నారు.

చివరగా మన బడులను నడిపే కమిటీల వారు ఆలోచించవలసిన ఒక సంగతి. తెలుగులో అంకెల పేర్లు చాలావరకు పుల్లల కట్టకు సరిపోయే విధంగానే ఉన్నవి. పదమూడు అంటే పది, మూడు. పదిహేను అంటే పది, ఐదు. ఇరవై నాలుగులో రెండు కట్టలు ముందు, నాలుగు పుల్లలు తరువాత. పలికే వరుసలోనే వ్రాస్తాము. ఇంగ్లీషులో థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వినబడుతుంది, పది వెనుక అస్పష్టంగా వినబడుతుంది. థర్టీన్‌కు థర్టీకి తేడా చిన్న చెవులకు సరిగా అందదు. మన మిషను బడులు అనేకం ఇంగ్లీషు మీడియంలోకి మారిన తరువాత ఒకటవ తరగతి పిల్లలు 13 అని చెప్పి 31 వ్రాయడం ఉపాధ్యాయులందరు చూస్తున్నదే. తలిదండ్రులు కోరుకొన్న మీడియం మార్చనక్కరలేదు. ఒక కట్ట, మూడు పుల్లలు పిల్ల చేతిలో పెట్టి, మొదట పది, మూడు అని ఇంటి భాషలో అనిపించి, ఆ తరువాత థర్టీన్ అనే పేరు చెప్పవచ్చు. ఒక చీపురుకట్ట, ఒక దారపు ఉండ ఉంటే తరగతి అంతటికీ సరిపోతుంది. వాటిని స్టాకు రిజిస్టరులో ఎక్కించనక్కరలేదు.